తొమ్మిదిన్నరకు పలకని రిమోటు

మా మావయ్యను బజారులో అందరూ కన్ను మేస్త్రి అంటారు. కొత్తవాళ్ళు విని కళ్ళద్దాలు అమ్మే మనిషేమో అనుకుంటారు. ఆయన పని వేరు. గోడమీద టీవీ మాత్రమే కనిపించాలి, దాని కింద ఉండే సెట్‌టాప్ బాక్సు, పాటల పెట్టె, వైర్ల చిక్కుముడి ఎవరి కంటా పడకూడదు అనుకునే ఇళ్ళవాళ్ళు ఆయన్ని పిలుస్తారు. ఆ సామానంతా పక్కగది అలమారలో సర్ది తలుపు మూసేస్తాడు. తలుపు మూస్తే రిమోటు కిరణం లోపలికి పోదు. అందుకని టీవీ అంచున బఠాణీ గింజంత నల్లటి కన్ను ఒకటి అంటిస్తాడు. రిమోటు నొక్కితే ఆ కన్ను చూస్తుంది. చూసిన సంగతి సన్నటి వైరు వెంట అలమారలోకి వెళుతుంది. అక్కడ పెట్టెల ముఖాన అంటించిన చిన్న దీపాలు రిమోటు అన్న మాటనే మళ్ళీ అంటాయి. అంతే సంగతి. ఇరవై రెండేళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే.

మావయ్య పనిలో నిదానస్తుడు. గోడకు రంధ్రం వేశాక రాలిన పొడిని తన జేబురుమాలుతోనే తుడుస్తాడు. ఊరందరి వైర్లూ దాచే ఈ పెద్దమనిషి సొంత ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు ఆరు నెలలుగా గోడకు వేలాడుతోందని మా అత్త కనిపించిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. ఆయన విననట్టే ఉంటాడు.

నా పిల్లలు బడికి వెళ్ళడం మొదలయ్యాక నేను షాపులో కూర్చోవడం మొదలుపెట్టాను. ఫోన్లు తీయడం, ఏ పూట ఎవరింటికి వెళ్ళాలో డైరీలో రాయడం నా పని. అందుకే జరిగినదాంట్లో నా పాలు కూడా ఉంది.

టర్నరు గారి ఇంటికి పిలుపు వచ్చింది ఎండాకాలం ముగిసే రోజుల్లో. ఆయన ముప్పై ఆరేళ్ళు ఒకే కార్ఖానాలో లేతు మిషను ముందు టర్నరుగా నిలబడిన మనిషి, ఆ పనే పేరయింది. ఇనప కడ్డీని చెక్కి, వెంట్రుకలో సగం తేడా వచ్చినా వేలితో తడిమి చెప్పేవాడట. రిటైరయిన రెండో ఏట పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. ఎడమచెయ్యి కూడా అంతంత మాత్రమే. ఆ చేతి బొటనవేలు ఒక్కటే ఆయన చెప్పినట్టు వినేది.

ఆయన మంచం ముందుగదిలో వేశారు. ఎదురుగోడకు టీవీ. మంచం కాళ్ళ దగ్గర బల్లమీద బాక్సులుండేవి, వాటి వైర్లలో చక్రాల కుర్చీ చిక్కుకునేది. ఒకసారి కుర్చీ ఒరిగి ఆయన పడబోయాడు. దాంతో కోడలు భయపడి, బల్ల తీసేసి సామానంతా అలమారలో పెట్టించాలని మావయ్యను పిలిచింది. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది. కొడుకు కార్ఖానాలో షిఫ్టులు. పగలంతా పెద్దావిడే భర్తను కనిపెట్టుకుని ఉంటుంది.

పని పూర్తయ్యాక మొదటి బటను ఆ ఇంటి పెద్దచేత నొక్కించడం మావయ్యకు అలవాటు. రిమోటు ఆయన ఎడమచేతి కింద పెట్టి, నొక్కండి అన్నాడు. బొటనవేలు కాసేపు తడుముకుంది. తరవాత నొక్కింది. ఛానలు మారింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మారింది. ఒక పక్కే కదిలే ఆ నోటితో ఆయన నవ్వాడని ఆ సాయంత్రం మావయ్య షాపుకు వచ్చి చెప్పాడు. ఇన్నేళ్ళలో ఒక ఇంటి సంగతి వచ్చి చెప్పడం అదే మొదలు.

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు ఒక కార్యక్రమం వస్తుంది. గడియారాలు, సైకిలు చెయిన్లు, కుట్టుమిషన్లు కార్ఖానాల్లో ఎలా తయారవుతాయో చూపిస్తారు. టర్నరు గారు దానికోసం తొమ్మిదింటికే సిద్ధమయ్యేవాడు. ఎవరినీ అడగక్కర్లేదు, తానే నొక్కి ఆ ఛానలు పెట్టుకునేవాడు. తిండి, స్నానం, మందు, పక్కమీద అటు తిప్పడం, ఇటు తిప్పడం, అన్నీ వేరేవాళ్ళ చేతుల్లో ఉన్న మనిషికి రోజు మొత్తంలో తన చేతిలో ఉన్నది అదొక్కటే.

నాలుగు నెలలు బాగా నడిచింది. తరవాత కోడలు ఫోను చేసింది. తన మామగారు నొక్కుతున్నా ఒక్కోసారి ఛానలు మారడం లేదని చెప్పింది. 'ఒక్కోసారి' అని నేను డైరీలో రాసుకున్నాను. ఏ వేళప్పుడు అని అడగలేదు. అప్పుడు మావయ్యకు ఒక హోటల్లో మీటింగు హాలు పని నడుస్తోంది, పొద్దున పూటంతా అక్కడే. అందుకని టర్నరు గారి ఇల్లు మధ్యాహ్నం మూడింటికి వేశాను.

మావయ్య వెళ్ళి రిమోటు బ్యాటరీలు మార్చాడు. సెల్‌ఫోను కెమెరా ముందు పెట్టి నొక్కి చూశాడు. మామూలు కంటికి కనిపించని ఆ వెలుగు కెమెరాలో తెల్లగా మెరిసింది. అలమారలో పెట్టెలమీది దీపాలు ఊడదీసి మళ్ళీ అతికించాడు. పదిసార్లు నొక్కితే పదిసార్లూ పనిచేసింది.

వారం తిరక్కుండానే మళ్ళీ ఫోను. మళ్ళీ మూడింటికే వెళ్ళాడు. కన్నే మార్చేసి కొత్తది పెట్టాడు. ఆ రోజు టర్నరు గారు గొంతులోంచి ఏదో శబ్దం చేస్తూ, తల వెనక్కి తిప్పడానికి ప్రయత్నించాడు. కళ్ళు కిటికీ వైపు పోయాయి, అక్కణ్ణుంచి గోడ గడియారం వైపు, మళ్ళీ కిటికీ వైపు. పెద్దావిడ చూసి, గాలి ఎక్కువైందంటున్నారు అని కిటికీ రెక్క మూసింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. మావయ్య సామాను సర్దుకుని వచ్చేశాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు కొడుకు ఇంట్లో ఉన్నాడు. లోపం ఎక్కడుందో తేల్చి చెప్పమన్నాడు. మావయ్య అబద్ధమాడే మనిషి కాదు. తనకు కనిపించిందే చెప్పాడు.

"వస్తువులో ఏ లోపమూ లేదు బాబూ. అన్నీ చూశాను."

ఆ మాట మీద ఆ ఇంట్లోవాళ్ళు ఒక నిర్ణయానికి వచ్చారు. వస్తువు బాగుంది కాబట్టి వేలే బాగాలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పక్షవాతం చిన్నగా మరోసారి వచ్చి ఉండవచ్చని డాక్టరు మందు పెంచాడు. ఆ మందుకు టర్నరు గారు పొద్దంతా మగతగా ఉండేవాడు. పనిచేయని రిమోటును నొక్కి నొక్కి ఆయన కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటుంటే చూడలేక పెద్దావిడ రిమోటు తన దగ్గర పెట్టుకుంది. మీకెందుకు శ్రమ, నేను మారుస్తాగా అందట. ప్రేమతోనే అంది. రోజూ పొద్దున్నే, వంటకు వెళ్ళేముందే ఆ ఛానలు పెట్టి ఉంచేది. మొదటి రెండు రోజులు ఆయన వేలు దుప్పటి మీద కదులుతూనే ఉందని తరవాత చెప్పి ఏడ్చింది.

ఇవేవీ మాకు తెలియవు. ఫోన్లు ఆగిపోయాయి కాబట్టి బాగైందనుకున్నాం. డైరీలో ఆ పేరు ఎదురుగా టిక్కు కూడా పెట్టాను.

రెండు నెలలు గడిచాయి. హోటలు పని ఒక రోజు ఆగింది. మావయ్య తన టెస్టరు ఆ ఇంట్లో మరిచిపోయిన సంగతి గుర్తొచ్చి పొద్దున్నే బయలుదేరాడు. వెళ్ళేసరికి తొమ్మిదిన్నర దాటింది. ముందుగది నిండా ఎండ. మంచం వెనక కిటికీకి ఇదివరకు మందపాటి గోధుమరంగు పరదా ఉండేది, ఇప్పుడు పల్చటి తెల్లది ఉంది. ఆ రోజు ఆలస్యమై, పెద్దావిడ అప్పుడే రిమోటు పట్టుకుని టీవీ దగ్గరగా నిలబడి నొక్కుతోంది. మారడం లేదు.

మావయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు. తెల్ల పరదాలోంచి వచ్చిన ఎండ తిన్నగా టీవీ కింది అంచు మీద, తాను అంటించిన కన్నుమీద పడుతోంది. అంత వెలుగులో ఆ కన్నుకు రిమోటు కిరణం ఆనదు. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఎన్ని ఇళ్ళలో ఎండ చూసి చోటు మార్చాడో లెక్కలేదు. ఈ ఇంట్లో మందపాటి పరదా ఉండటంతో చూడలేదు, తరవాత వచ్చిందంతా ఎండ వాలిపోయాక.

వెళ్ళి కన్నుకు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు నొక్కండమ్మా," అన్నాడు.

ఛానలు మారింది. చెయ్యి తీసి నొక్కమన్నాడు, మారలేదు. మళ్ళీ అడ్డం పెట్టాడు, మారింది. పెద్దావిడకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూలబడింది. బ్యాంకుకు బయలుదేరబోతున్న కోడలు చెప్పులు వేసుకున్నదల్లా అలాగే నిలబడిపోయింది.

"నేనే కదండీ పరదా మార్చింది," అంది. "ఆయనకి పొద్దుటెండ తగిలితే మంచిదని వ్యాయామం చేయించే ఆయన చెప్తే మార్చాను."

మావయ్యకు అప్పుడే గడియారం, కిటికీ గుర్తొచ్చాయి. మిషన్లతో బతికిన మనిషి, లోపం ఎప్పుడొస్తోందో, ఎందుకొస్తోందో మంచం మీద నుంచే పట్టేశాడు. కళ్ళతో చెప్పాడు కూడా. గదిలో ఉన్న ఇద్దరికీ అది గాలి ఎక్కువైందన్న గోలలాగే కనిపించింది.

కన్నును ఊడదీసి టీవీ పక్కనున్న గోడగూటి అడుగున, ఎండ పడని చోట అంటించాడు. ఐదు నిమిషాల పని. తరవాత రిమోటు తీసుకెళ్ళి టర్నరు గారి చేతికింద పెట్టాడు. బొటనవేలు పట్టి బటను మీద ఆనించాడు.

"తప్పు మీది కాదండీ. నాది. మీరు నొక్కింది ప్రతిసారీ సరిగ్గానే నొక్కారు," అన్నాడు.

ఆయన మావయ్య ముఖంలోకి చూశాడు. వేలు కదల్లేదు. పెద్దావిడ బతిమాలింది, కోడలు మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలింది. వేలు బటను మీదే ఉండిపోయింది, బరువు లేని వస్తువులాగ. అటు తెరమీద ఏదో కార్ఖానాలో సీసాలు వరసగా పోతున్నాయి.

మందు తగ్గించారు. వ్యాయామం చేయించే ఆయన వచ్చి చూసి, రెండు నెలలు వాడకపోతే అలాంటి చేతుల్లో వేళ్ళు బిగుసుకుపోతాయని ఒకసారి, బిగుసుకున్నట్టు లేదు, ఆయనకే ఇష్టం లేనట్టుంది అని ఒకసారి చెప్పాడు. ఏది నిజమో చెప్పగలిగిన మనిషికి మాట లేదు.

ఆ పూట మావయ్య షాపుకు వచ్చి సామాను సంచీ కింద పెట్టకుండానే జరిగిందంతా చెప్పాడు. నేను డైరీ తెరిచి ఆ రోజుల పేజీలు చూశాను. మూడు, మూడు, మూడు. నా చేతిరాతే. పొద్దున ఒక్కసారి వేసి ఉంటే, అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆయనే అన్నాడు, నీ తప్పేం లేదమ్మా, వెళ్ళి చూసింది నేను కదా అని. నాకు దానివల్ల కాస్త కూడా తేలిక కాలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. టర్నరు గారు అలాగే ఉన్నాడు. తొమ్మిదిన్నర అయ్యేసరికి పెద్దావిడ ఆ ఛానలు పెడుతుంది. ఆయన చూస్తున్నాడో లేదో ఆమెకు తెలియదు. ఇంకేదైనా పెట్టమంటున్నాడేమో అదీ తెలియదు. ఒక్కొక్కటే మార్చి ముఖం చూస్తుంది, ముఖంలో ఏమీ కనపడక మళ్ళీ మొదటిదానికే వస్తుంది.

ఆదివారాలు మావయ్య వెళుతున్నాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. మంచం పక్కన స్టూలు వేసుకుని, రిమోటు ఆ చేతికింద పెట్టి, అరగంటో గంటో కూర్చుంటాడు. ఇద్దరూ మిషన్లు చూస్తారు. వెళ్ళేముందు రిమోటు తీసి గూట్లో పెట్టడు, ఆ చేతికిందే వదిలేసి వస్తాడు. ఆయన ఇంటికి రాగానే మా అత్త గుమ్మంలోనే అడుగుతుంది, ఇవాళ ఏమైనా కదిలిందా అని. మావయ్య చేతులు కడుక్కుంటూ లేదంటాడు, భోజనానికి కూర్చుంటాడు.