తాత సుత్తి దాచిన పొద్దున

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో పొద్దు పొడిచాక కూడా చాలాసేపటిదాకా తెల్లవారినట్టు ఉండేది కాదు. బొగ్గుగని క్వార్టర్లలో ప్రతి ఇంటివాళ్లూ బొగ్గుల పొయ్యి రాజేసి, పొగ పోయేదాకా వాకిట్లో పెట్టేవాళ్లు. ఆ పొగంతా వీధి మీద దుప్పటిలా పరుచుకునేది. అందులోంచి మనుషులు కలలో వచ్చినట్టు వచ్చి, పలకరించి, మళ్లీ మాయమయ్యేవాళ్లు. మా అవ్వ కూడా ఒక పొద్దున అలాగే నడిచి వస్తుందని నేను గడప మీద కూర్చుని చూసేదాన్ని.

మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. అవ్వ కాన్పుకని ఇచ్చోడలో తల్లిగారింటికి వెళ్లింది. పెద్దాపరేషను చేశారు. తమ్ముడు పుట్టాడు కానీ దక్కలేదు. కుట్లు పచ్చిగా ఉన్నాయి, బస్సు కుదుపులకు ఆగవు, కారు తెస్తేనే పంపుతామన్నారు అక్కడివాళ్లు. బాపుకు కారు ఉండనే ఉంది. ముచ్చటపడి కొన్న ఆ పాత కారు రోడ్డు మీదకంటే మా ఇంటి ముందు ఇటుకల మీదే ఎక్కువ కాలం గడిపింది. సరిగ్గా అప్పుడే దాని గేరుపెట్టె మొరాయించింది. అడిగి తెచ్చుకుందామంటే మా వాడలో ఇంకొకరికి కారు లేదు.

బాపు గేరుపెట్టెను విప్పి వాకిట్లో గోనెసంచి మీద పరిచాడు. లోపల ఇరుసుకు ఉన్న పళ్లచక్రం ఒకటి అరిగిపోయింది. కొత్తది మంచిర్యాల నుంచి తెచ్చాడు కానీ పాతది ఊడి వస్తేనా! తుప్పు పట్టి ఉంటుందని కిరోసిన్ పోసి నానబెట్టాడు. కదల్లేదు. ఇక సుత్తి అందుకున్నాడు. ఒక్కో దెబ్బకూ నేను వంగి ఇరుసును చూసేదాన్ని. ఇరుసు వంగిందంటే కారు లేదు, కారు లేకపోతే అవ్వ రాదు. తమ్ముడు పోయిన నాటి నుంచి బాపు కంట చుక్క నీరు రాలేదు. ఆ దెబ్బలన్నీ చక్రం కోసం కాదని ఇప్పుడు తెలుస్తోంది.

బాపు వాళ్ల నాయన, మా తాత, గనిలోనే పనిచేసి దిగిపోయిన మనిషి. షిఫ్టుకు ముందు కట్టెతో పైకప్పు బండను తట్టి, ఆ చప్పుడు వినడం ఆయన పని. గట్టి బండ ఖంగుమంటుంది. లోపల వదులైతే డొల్లగా మోగుతుంది. గని మానేసినా ఆ అలవాటు మానలేదు. కుండనీ గోడనీ తట్టేవాడు, ఆఖరికి నా నెత్తిని కూడా తట్టి, "ఇది మాత్రం గట్టి బండనే" అనేవాడు.

ఆ పొద్దున తాత వచ్చి బాపు చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు.

"ఆగురా! గట్ల కొడితె ఇంకింత బిగుసుకుంటది."

"మరేం జెయ్యాలె? బతిమాలాల్నా?"

"అడుగు. అడిగినంక జర ఇను. గనిల పైకప్పును సుత్తితోని కొట్టి సూస్తమారా? మీదవడి సత్తం."

సుత్తిని వీపు వెనక దాచుకుని ఇరుసు ముందు చతికిలబడ్డాడు. చిన్న కట్టెతో చక్రం చుట్టూ తట్టసాగాడు. తట్టడం కొంచెం, ఆగడం ఎక్కువ. తన చెవులు మందగించాయని నన్ను పిలిచి ఇరుసుకు చెవి ఆనించమన్నాడు. ఇనుము చల్లగా ఉంది. కళ్లు మూసుకుంటే పొగ, వాకిలి, కాకుల అరుపు అన్నీ దూరమైపోయి, ఎక్కడో భూమి అడుగు నుంచి వస్తున్నట్టు ఆ చప్పుడొక్కటే వినిపించింది. ఒకచోట మాత్రం అది మారింది. లోపల ఏదో సన్నగా టిక్కుమంది.

"గీడ వేరేగున్నది తాతా."

అక్కడ గట్టిపడిన నూనెమడ్డిని గోకితే, మిరియపు గింజంత మేకు కనిపించింది. దాని కింద స్ప్రింగు ఉంది. ఇన్నాళ్లూ చక్రాన్ని కదలనివ్వనిది అదే. తాత సైకిల్ చక్రం పుల్లతో దాన్ని మెల్లగా లోపలికి నొక్కి, పక్కనున్న బిళ్లను కాస్త తిప్పాడు. చక్రం జారి ఆయన అరచేతిలోకి వచ్చింది. బాపు దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుని, ఏడ్చాడు. తాత నూనె చేతులతోనే కొడుకు వీపు నిమిరాడు.

కారు బాగైంది. ఇచ్చోడ వెళ్లి అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాం. పక్కన నేను. అవ్వ కిటికీ వైపు ముడుచుకుని కూర్చుంది. ఏడ్వకని, మనసు గట్టి చేసుకోమని, దేవుడు మళ్లీ ఇస్తాడని అందరూ అప్పటికే చెప్పి ఉన్నారు. బాపు కూడా అవే చెప్పుకుంటూ నడిపాడు. ఆయన మాటలు అయిపోయాక, నీళ్ల చెంబు చేతిలో పట్టుకుని నేను ఒక్కటే అడిగాను.

"అవ్వా, దూపైతుందా?"

అడిగి ఊరుకున్నాను. రోడ్డుకు రెండువైపులా టేకుచెట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. చాలాసేపటికి అవ్వ నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"వాడు అచ్చం నీ లెక్కనే ఉండె బిడ్డా," అంది. నన్ను గుండెకు అదుముకుని బావురుమంది. బాపు కారు పక్కకు ఆపాడు.

ఇప్పుడు నేను ముసలిదాన్ని. ఇంట్లో ఎవరైనా ముడుచుకుని కూర్చుంటే చిన్న మాట ఒకటి అడుగుతాను, అడిగి ఊరుకుంటాను; ఏం లేదన్నా కదలను. నాకు చెవుడు వచ్చిందని మా పిల్లలు అనుకుంటారు. రాలేదు. కొన్ని జవాబులు చాలా లోపలి నుంచి రావాలి, వచ్చేదాకా నేను ఎటూ పోను.