గాదెలో పడుకున్న సీసా

మా ఊళ్లో సీసా ఎప్పుడూ నిలబడే ఉంటుంది. పడుకునేది తాగినవాడు. అందుకే మా ముందు గదిలో అద్దెకున్న సోలార్ ఇంజినీరమ్మాయి ఒక వైన్ సీసా నా చేతిలో పెట్టి, "దీన్ని పడుకోబెట్టాల ఆంటీ" అన్నప్పుడు నాకు నవ్వాగలేదు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. మహారాష్ట్ర పిల్ల, తెలుగు మా తిరుమణిలోనే నేర్చుకుంది.

ఆమెకు ప్రమోషన్ వచ్చాక ఇద్దరూ కలిసి తాగుదామని వాళ్ల నాన్న ఇచ్చిన సీసా అట. ఆ ఏడే ఆయన పోయారు. ఇప్పుడు ఆమెకు రాజస్థాన్ బదిలీ అయింది, అక్కడ రేకుల షెడ్డులో కాపురం. సీసాకేమో చల్లదనం కావాలి, చీకటి కావాలి, కదలిక ఉండకూడదు. బిరడా ఎండిపోకుండా అడ్డంగా పడుకోవాలి. చంటిబిడ్డకైనా ఇన్ని జాగ్రత్తలు చెప్పరు. సరేనని మాటిచ్చేశాను.

ఇచ్చాక తెలిసింది, మా ఊళ్లో చల్లని చోటంటూ లేదని. ఫ్రిజ్జు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. కనుచూపుమేర సోలార్ ప్యానెళ్లున్నా మా ఇంట్లో కరెంటు దాని ఇష్టం వచ్చినప్పుడే ఉంటుంది. అటక మీద పెడితే ఉడికిపోతుంది. వీటన్నిటినీ మించిన చిక్కు మా అత్త. సారా వాసన తగిలితే గడప కడిగించే మనిషి.

చివరికి నడింట్లో ఉన్న మట్టి గాదె గుర్తొచ్చింది. అందులో ఉన్నవి మా చేలో పండిన ఆఖరి రాగులు. చేను సోలార్ వాళ్లకు లీజుకిచ్చి ప్యానెళ్లు దిగాక అత్త వాటిని ఎవరినీ ముట్టనివ్వలేదు. అంగడి రాగులు తింటూ ఇంటి రాగులకు కాపలా కాస్తున్నాం. తాలూకా మొత్తంలో ఇంతకన్నా కదలని చోటు ఉండదనిపించింది. అత్త ఇంట్లో లేని పూట చూసి, సీసాను మోచేతి లోతున అడ్డంగా పూడ్చేశాను.

ఆ అమ్మాయి ప్రతి ఆదివారం ఫోన్ చేసేది.

"పడుకోనుండాది. సల్లగుండాది. నువ్వు దిగులు పడొద్దు" అనేదాన్ని.

ఒకసారి అత్త వినేసింది. "ఎవురమ్మా పడుకోనుండేది?"

"పిల్లి" అన్నాను, నోటికొచ్చింది.

మరుసటి రోజు నుంచి వసారాలో గిన్నెడు పాలు పెట్టడం మొదలుపెట్టింది. లేని పిల్లి పాలకు ఊళ్లో ఉన్న పిల్లులు రెండు మరిగాయి.

రెండేళ్లకు ఆ అమ్మాయి ప్రమోషన్‌తో తిరిగొచ్చింది. అత్త పెరట్లో ఉండగా గాదెలో చేయి పెట్టాను. మోచేతి దాకా పోయింది, భుజం దాకా పోయింది. రాగులే తప్ప సీసా లేదు. వాళ్ల నాన్న గుర్తును పోగొట్టానని ఏ మొహంతో చెప్పను? ఏడుపొచ్చింది. చేయి గాదెలోనే పెట్టుకుని ఏడ్చేశాను.

"ఏంది, నీ పిల్లి దొరకలేదా?" వెనక అత్త నిలబడి ఉంది. "పైపైన పూడిస్తే ఎండాకాలం ఎచ్చ తగలదా? వేపాకు మార్చేటప్పుడు చూసి అడుక్కు తోసినాను. పడుకోబెట్టే తోసినాలే, నీ ఫోన్లన్నీ ఇన్నాను గదా."

అడుగు నుంచి తీయాలంటే రాగులన్నీ బయటికి తోడాలి. అత్తే దుప్పటి తెచ్చి పరిచింది. "వాళ్ల నాయన ఇచ్చిందంట గదా. తోడు."

ఆ అమ్మాయి స్టీలు గ్లాసుల్లో వైన్ పోసి, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది. అత్త వేలు ముంచి నాలిక్కి రాసుకుని, "పులిసిపోయినాది గదమ్మా!" అని నొచ్చుకుంది.

"లేదవ్వా, ఇట్లే ఉండాల."

ఆ రోజు మా చేని రాగులతో సంగటి చేశాను. అత్త రెండో ముద్ద కూడా వేయించుకుని తినింది.

మరునాడు చూస్తే, కడిగి ఎండబెట్టిన సీసాలోకి అత్త పిడికెడు పిడికెడుగా రాగులు పోస్తోంది. "ఇవి ఇత్తనాలు. లీజు తీరినాక మన చేన్లో చల్లాల" అంది. లీజు తీరేసరికి ఆమెకు నూరేళ్లు దాటుతాయి.

బిరడా గట్టిగా బిగించి, ఆ అమ్మాయిని కేకేసింది.

"అమ్మీ, దీన్ని పడుకోబెట్టాల్నా, నిలబెట్టాల్నా?"