పద్నాలుగు మంది బరువు

మళ్ళీ అదే మాట! "హెవీ డ్యూటీవి వేయించెయ్, ఉన్నవాటిలో గట్టివి తీస్కో, దిమాక్ ఖరాబ్ చేస్కోకు" అని పొద్దున్నుంచి మా ట్రిప్ గ్రూపులో ఒక్కొక్కరూ వాయిస్తూనే ఉన్నారు. ఖాళీ బండికి ఎలా ఉంటుందో ఆలోచించండి అని నేను టైపు చేస్తే నవ్వే బొమ్మలు పెడుతున్నారు, "నీకేం తెలుసు" అంటున్నారు. నాకు తెలుసు. మేం కొన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండికి బిగించాల్సిన షాకబ్జర్లు ఇదిగో, నా మంచం పక్కనే అట్టపెట్టెలో ఉన్నాయి. పెట్టె విప్పగానే కొత్త రంగు, నూనె, రబ్బరు కలిసిన వాసన గుప్పుమంది. ఆ వాసనకి నాకు పదకొండేళ్లు వచ్చేశాయి, 2012 కార్తీకం వచ్చేసింది, నారాయణగూడలో మా జీపు మెకానిక్ రహీమ్ భాయ్ రేకుల షెడ్డు కళ్ల ముందుకొచ్చి నిలబడింది.

అప్పుడు మా ఇల్లు అశోక్‌నగర్‌లో. గల్లీ మొదట్లో కోచింగ్ పిల్లల మెస్సు, అందులో పొద్దున పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. బతుకమ్మ అయిపోయినా డబ్బా అడుగున మిగిలిన మలీద ముద్దల కోసం నేనూ మా బాబాయి కూతురూ కొట్టుకునేవాళ్లం. కార్తీకం రాగానే చిక్కడపల్లి మార్కెట్ నుంచి నాయనమ్మ తెప్పించిన ఉసిరికాయలు చాటలో ఎండుతుండేవి, వాటి వగరు నాలిక మీద ఉండగానే చెంబుడు నీళ్లు తాగితే వచ్చే తీపి కోసం ఎన్ని తినేవాళ్లమో లెక్కే లేదు. వాకిట్లో నాన్న జీపు ఉండేది. కవాడిగూడలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే మనిషికి ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఎందుకని అందరూ అడిగేవాళ్లు. ఏడాదికి ఒక్కరోజు కోసం. నల్లమల లోపల మా ఇలవేల్పు గుడి ఉంది, మన్ననూరు దాటాక రాళ్లూ గోతులూ వాగులూ ఉన్న మట్టిబాట. ఏటా కార్తీకంలో ఇంటిల్లిపాదీ ఆ ఒక్క జీపులోనే వెళ్లి అక్కడ వండుకుని తిని రావాలని మా తాత పెట్టిన పద్ధతి.

దానికి ముందు ఆదివారం 'బరువు చూసుడు' ఉండేది. మా ఇంట్లో అది చిన్న పండగ. విద్యానగర్ అత్తమ్మ వాళ్లు, బాబాయి వాళ్లు, అందరం కలిపి పద్నాలుగు మందిమి, ప్రయాణం రోజు ఎవరు ఎక్కడ కూర్చుంటారో సరిగ్గా అక్కడే ఎక్కి కూర్చోవాలి. బియ్యం సంచి, నీళ్ల డ్రమ్ములు, గ్యాసు పొయ్యి, పైన క్యారియర్ మీద వంట గుండిగలూ గంజులూ కూడా ఎక్కించాల్సిందే. అప్పుడు రహీమ్ భాయ్ నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య జానెడు సందు ఉందో లేదో చేత్తో కొలిచేవాడు. తర్వాత వెనక బంపర్ మీద ఎక్కి దూకి, బండి ఎన్నిసార్లు ఊగి ఆగుతుందో వేళ్లు ముడుస్తూ చూసేవాడు. చివరికి నాయనమ్మ ముందు సీట్లో నిండు చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే లోయర్ ట్యాంక్ బండ్ దాకా ఒక రౌండు. చీర తడిస్తే బండి ఫెయిలు. గల్లీ అంతా గేట్ల దగ్గర నిలబడి చూసేది.

"వదినా, నువ్వు దిగితే జానెడు సందు మూరెడైతది," అని మా అమ్మ అంటే, "నీ నోరుకు షాకబ్జర్లు పెట్టియ్యాలె ఫస్టు," అని విద్యానగర్ అత్తమ్మ అనేది.

ఆ ఏడాది మాత్రం నవ్వులాటగా లేదు. అంతకు ముందు వానాకాలం నాయనమ్మ బాత్రూంలో జారిపడి వెన్నుపూస చిట్లింది. నడుముకి బెల్టు. కుదుపు తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె మాత్రం నాన్నతో ఒకటే పట్టు: "నేను రాకుంటే ఎవ్వరు పోవద్దు. శీనూ, నన్ను పానంతోని తీస్కపోతవా, పోయినంక తీస్కపోతవా?"

నాన్న నిద్ర మానేశాడు. రోజూ ప్రెస్సు నుంచి నేరుగా షెడ్డుకి పోయి, నేల మీద మూడు రకాల షాకబ్జర్లు పరిచి, ఒక్కోదాన్ని నొక్కి చూసేవాడు. మెత్తది వెంటనే లోపలికి పోయేది. నడిమిది మొరాయించి పోయేది. మూడోది నాన్న మొత్తం బరువు వేసినా అంగుళం కదలలేదు.

"ఇదే పెట్టు భాయ్. అమ్మకు దెబ్బ తగలొద్దు."

"పద్నాలుగు మందికైతే ఇదే కరెక్ట్ అన్న. వెనక స్ప్రింగుల ఇంకో కమాన్ పట్టీ కూడ ఎయ్యాలె. బండి బరువు మీదుంటే మాత్రం పూలపల్లకి లెక్క ఉంటది చూడు."

నిజంగానే అలా ఉంది. ఆ ఆదివారం నాయనమ్మ చెంబులోంచి ఒక్క చుక్క ఒలకలేదు. దిగి రహీమ్ భాయ్ తల నిమిరింది. నాన్న గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

బయల్దేరే ముందురోజు పొద్దున రహీమ్ భాయ్ ఇంటికొచ్చాడు. భుజాన సంచి, బంధువుల పెళ్లికి ఊరికి పోతున్నాడు, బస్సు టైమవుతోంది. నాన్న స్నానానికి పోయాడు. నేను మెట్ల మీద కూర్చుని, నాన్న నాకు పడేసిన పాత ఫోనులో కార్ల ఆట ఆడుతున్నాను.

"బేటా, జర ఇను. బండి ఖాళీగుంటే ఈ షాకబ్జర్లు తంతయి. ఎప్పుడన్న ఖాళీగ రావాల్సొస్తే వెనక నాలుగు బస్తాల ఇసుక ఏస్కొమ్మను డాడీని. చెప్తవా?"

"సరే భాయ్."

తలెత్తలేదు. అప్పుడు నా కారు రెండో స్థానంలో ఉంది.

పోవడం బాగా పోయాం. పద్నాలుగు మంది బరువుకి జీపు బాట మీద కూర్చుని నడిచింది. ఉసిరి చెట్టు కింద ఆకులేసుకుని పచ్చిపులుసు, పప్పు, బెల్లం పరమాన్నం తిన్నాం. నాయనమ్మ దేవత ముందు చాలాసేపు కూర్చుంది. లేచాక అలసిపోయింది. నాన్నకి మనసాగలేదు. "అమ్మ కాళ్లు చాపుకొని పండుకొని రావాలె. అందరు దిగుండ్రి," అని మిగతావాళ్లనీ గంజుల్నీ డ్రమ్ముల్నీ గుడి దగ్గరి ట్రాక్టర్ ఎక్కించాడు. జీపు వెనక రెండు పరుపులు వేసి నాయనమ్మని పడుకోబెట్టాడు. అమ్మా నేనూ పక్కన. ఎంత ప్రేమగా ఖాళీ చేశాడో ఆ బండిని!

మొదటి గోతిలోనే జీపు వెనక భాగం ఎగిరిపడింది. నాన్న మెల్లగా నడిపాడు. ఇంకా మెల్లగా. ఎంత మెల్లగా పోయినా ప్రతి రాయికీ కింద నుంచి ఎవరో కాలితో తన్నినట్టే. "శీనూ, పైలం బిడ్డా," అంటోంది నాయనమ్మ, ముందు మామూలుగా, తర్వాత పళ్లు బిగించి. నా చేతిలోంచి ఫోను ఎగిరి కింద పడింది. తీద్దామని వంగితే నా కాళ్ల కింద ఖాళీ బియ్యం సంచి కనబడింది, అప్పుడు గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే వాగు దాటుతున్నాం. రెండు పక్కలా ఇసుక. కావలసినంత ఇసుక. చెప్తే, ఇంతసేపు ఎందుకు చెప్పలేదని నాన్న కొడతాడని భయం. నోరు తెరిచాను, మూసుకున్నాను. వాగు అవతలి గట్టు ఎక్కుతుంటే ఒక్క దెబ్బ. నాయనమ్మ అరిచిన ఆ అరుపు నేను మళ్లీ ఏ మనిషి నోటా వినలేదు.

ఆమె మళ్లీ లేచి నిలబడలేదు. రెండేళ్లు మంచంలోనే ఉండి, 2014లో పోయింది.

ఊరి నుంచి రాగానే రహీమ్ భాయ్ చూడ్డానికి వచ్చాడు. నాన్న గేటు దగ్గరే ఆపేశాడు. "ఏం పెట్టినవ్ భాయ్ నా బండికి? మా అమ్మను చంపెటందుకు పెట్టినవా?" అని గల్లీ అంతా వినేలా అరిచాడు. రహీమ్ భాయ్ నాన్న భుజం మీదుగా నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను తలుపు వెనక్కి జరిగాను.

"గల్తీ నాదే అన్న," అన్నాడు. "ఖాళీ బండి సంగతి చెప్పాల్సింది. మరిచిపోయిన."

ఇరవై ఏళ్ల స్నేహం ఆ గేటు దగ్గర తెగిపోయింది. జీపు అమ్మేశారు. గుడికి పోవడం ఆగింది. పద్నాలుగు మందిమి ఇప్పుడు పెళ్లిళ్లలో కూడా ఒకచోట కూర్చోం. మెస్సు పోయి హాస్టల్ లేచింది, షెడ్డు ఉన్నచోట సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. రహీమ్ భాయ్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, పాత నంబరు పనిచేయదు, ఇన్ని వేలమంది దొరికే ఈ ఫోనులో ఆ ఒక్క మనిషీ దొరకడం లేదు.

నిన్న నాన్న నా గదిలోకొచ్చి ఈ పెట్టె చూశాడు. ఒకదాన్ని తీసి నొక్కాడు. అది నడిమి రకం, మొరాయించి లోపలికి పోయింది. "మంచిది తీస్కున్నవ్," అన్నాడు. "ఆనాడు నాకు గింత బుద్ధి ఉంటే..." అని ఆపేసి, "ఆ రహీమ్ గాడు ఒక్క మాట చెప్పి ఉంటే," అన్నాడు. నేను ఫోను చూస్తూ కూర్చున్నాను. పన్నెండేళ్ల తర్వాత కూడా తలెత్తలేదు.

అందుకే ఇది రాశాను. అచ్చయ్యాక తీసుకెళ్లి నాన్న చేతిలో పెడతాను. పదకొండేళ్ల పిల్లవి, నీ తప్పేముంది అని మీరంటారు, తెలుసు. సరే, వాగు ఇసుక అంతా చూస్తూ నోరు మూసుకున్న ఆ పిల్లది తప్పు కాదని గేటు దగ్గర తలదించుకుని వెళ్లిపోయిన రహీమ్ భాయ్ ముందు నిలబడి అనండి చూద్దాం, అనగలరా?