ఈనకముందే వెళ్లిపోయిన మేకలు

నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న మా ముసలి కఫీల్‌కు తన ఖర్జూరం తోట కన్నా అందులోని పాలమేకలంటేనే ప్రాణం. బహ్రెయిన్ వచ్చినప్పటి నుంచీ వాటిని చూసుకోవడమే నా డ్యూటీ. ఏ మేకను ఎప్పుడు పోతుతో దాటించాలో ఏటా ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేవాళ్లం, ఆయన అరబ్బీ, నా హిందీ కలిపి. ఇక్కడి ఎండకు పసికూనలు ఆగవు. చలికాలంలోనే ఈనాలి. మేక చూలు ఐదు నెలలు కాబట్టి వేసవి చివర్లో పోతును మందలోకి వదిలేవాళ్లం.

ఆ ఏడు పక్కతోట నుంచి కొత్త పోతును తెప్పించాడాయన. "తండ్రి దగ్గరికి బిడ్డలను తోలకూడదు, సదీక్" అన్నాడు, నేస్తమా అని. తల్లి చచ్చిపోతే తనే సీసాతో పాలు పట్టి పెంచిన గోధుమరంగు మేక తొలిచూలు కట్టిందని తెలిసిన రోజు నా వీపు తట్టి నవ్వాడు.

కొన్నాళ్లకే ఆసుపత్రిలో చేరాడు. మళ్లీ తోటకు రాలేదు.

నేను మాత్రం పని ఆపలేదు. చూలు మేకలకు పాలు పితకడం మానేశాను. కొట్టంలో సున్నం చల్లి ఎండుగడ్డి పరిచాను. బొడ్డుకు పూసే అయోడిన్, కూనలను తుడవడానికి పాత తువ్వాళ్లు సిద్ధం చేసుకున్నాను.

ఒక ఉదయం ఆయన పెద్దకొడుకు వచ్చి గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మేకలు ఖలాస్. అమ్మేశాం. రేపు బండి వస్తుంది."

"నిండు చూలుతో ఉన్నాయి సార్. ఈనేదాకా ఆగండి. బాబాకు చెప్పారా?"

"బాబా ఇప్పుడు నన్నే గుర్తుపట్టడం లేదు" అన్నాడు. అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఊళ్లో ఉన్న నా భార్యకు ఫోన్ చేశాను.

"కొన్నోళ్లకన్నా చెప్పు, ఏది ఎప్పుడు ఈంతదో" అంది.

"నా మాట ఎవరింటరే?"

"ఇనకున్నా చెప్పు. బండి కుదుపుకు కడుపులు పోతయి."

మర్నాడు బండి వచ్చింది. మిగతావి ఎలాగో ఎక్కాయి గానీ గోధుమరంగుది బండికి ఆనించిన పలక మీద కాలు పెట్టలేదు. డ్రైవర్ "యల్లా భాయ్" అంటూ తాడు లాగుతుంటే దాని మెడ బిగుసుకుపోయింది. చూడలేక నేనే పిలిచాను. నా గొంతు విని వచ్చేసింది. పొట్ట కింద చేతులు వేసి ఎత్తుతుంటే లోపల కూన కదిలింది. బండితో పాటు వచ్చిన కొన్నవాడికి ఏది ఎప్పుడు ఈనుతుందో అన్నీ చెప్పాను. తాడు ముడివేస్తూ తలూపాడు.

ఆ తర్వాత నన్ను మీనా సల్మాన్ ఓడరేవులోని వాళ్ల గోదాముకు మార్చారు. ఒక శుక్రవారం ఆసుపత్రికి వెళ్లాను. బాబా నా వైపు చూశాడు, ఎవరో అన్నట్టు. కాళ్ల మీద దుప్పటి సర్ది వచ్చేశాను.

చలికాలం అయిపోతుండగా, కొన్నవాడి నంబరు పెద్దకొడుకును అడిగి తీసుకుని ఫోన్ చేశాను.

"గోధుమరంగుదా? ఆ మంద అప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశా, భాయ్."

"ఈనిందా?"

"నాకేం తెలుసు?" అని పెట్టేశాడు.

ఎదురుగా దించాల్సిన సామాన్ ఉంది. వెళ్లి దించాను.