లాంచీ వెనక చప్పుడు

చప్పుడు నాకు పడదు. ఇప్పటికీ అంతే. తలుపు కిర్రుమంటే లేచి ఇంత నూనె చుక్క వేసేదాకా నాకు ముద్ద దిగదు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా ఉన్న రోజుల్లో ఈ గుణమే నాకు అన్నం పెట్టింది. యంత్రాల మధ్య నడుస్తూ ఏ బేరింగు వదులైందో చెవితోనే చెప్పేవాణ్ణి. అయితే మిల్లు ఆడేది పత్తి వచ్చే నెలల్లోనే. వానాకాలం మూసేస్తే ఎమ్మిగనూరులో ఇంటికి వచ్చి కూర్చునేవాణ్ణి. కూర్చునేవాణ్ణి అనడం అబద్ధం, కాలుగాలిన పిల్లిలా తిరిగేవాణ్ణి.

నా భార్య మగ్గాలవాళ్లకు నూలు చుట్టిపెట్టేది. ఆమె రాట్నం వాళ్లమ్మ ఇచ్చింది. తిరిగినంతసేపూ టకటకలాడేది. పొద్దున్నుంచీ ఆ టకటక వింటుంటే నాకు పళ్లు జివ్వుమనేవి. ఒకరోజు ఆమె నూలు తేవడానికి బయటికి పోయినప్పుడు, కదురు ఆడే చోట తోలుముక్కలు కూరి బిగించేశాను. చప్పుడు చచ్చింది. ఆమె వచ్చి చుట్టడం మొదలుపెట్టింది. బిగువుకు నూలు బారకొకసారి తెగింది.

“ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?” అంది.

“బాగుజేసినా కదా!”

“నీకు బాగు. నాకు కాదు. ఈ ఇంట్లో నువ్వు బిగించని వస్తువు ఏమన్నా ఉందా? నేనొకదాన్నే మిగిలినా.”

మాటా మాటా పెరిగింది. “అట్లయితే మీ అమ్మ తావుకే పో!” అన్నాను. నోరు జారిందని చెప్పుకోవచ్చు గాని, జారలేదు. గట్టిగా, కావాలనే అన్నాను. ఆమె రాట్నం నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. వాళ్లమ్మ ఊరు తుంగభద్రకు అవతల, నాగలదిన్నె రేవు దాటితే వస్తుంది.

రెండు రోజులు పంతంతో గడిపాను. మూడోరోజుకు ఇంట్లో ఏ చప్పుడూ లేకపోవడం భరించలేకపోయాను. అంత నిశ్శబ్దాన్ని ఎక్కడ బిగించాలో నాకు తెలియలేదు. బస్సెక్కి, నడిచి, రేవుకు పోయాను. పైన ఆనకట్ట గేట్లు ఎత్తారట. ఏరు ఎర్రగా పొంగి పారుతోంది. జనాన్ని దాటించే గుండ్రటి బుట్ట పడవలు, పుట్టీలన్నీ గట్టున బోర్లించి ఉన్నాయి.

పుట్టీల పక్కన ఒక పాత మోటారు లాంచీ ఉంది. మా మిల్లు సాహుకారు దాన్ని ఆనకట్ట పనులు అయిపోయాక కొన్నాడు, అవతలి ఊళ్ల పత్తి ఇవతలికి తెచ్చుకోవచ్చని. దాన్ని చూసుకునేది ఒక ముసలాయన. జన్మంతా పుట్టి వేసినవాడు.

“ఇంజను బాగానే ఉందప్పా,” అన్నాడు. “వెనక రెక్కలు తిప్పే షాఫ్టే అల్లాడతాంది. ఆ సందులోంచి నీళ్లు లోపలికొస్తాండాయి.”

షాఫ్టు పట్టుకుని ఊపి చూశాను. గోరు దూరేంత సందు. దాన్ని మోసే బుష్, షాఫ్టు తిరిగే గొట్టం, అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. నేను ఇత్తడిదో, తెల్ల లోహందో అనుకున్నాను. కట్టెది! దానికి ఏటి నీళ్లే నూనె. అటువంటి బేరింగు నా సర్వీసులో చూడలేదు. అయినా వదులు వదులే కదా, బిగిస్తే సరి అనుకున్నాను.

సాహుకారు దగ్గరికి పోయి లాంచీ నేను బాగుచేస్తానన్నాను. పత్తి కాలానికి ముందే సిద్ధంగా ఉండాలి కదా అని కారణం కూడా చెప్పాను.

“పత్తికా, మీ ఇంటామెకా?” అని నవ్వినాడాయన. ఊరంతా పాకిపోయిందన్నమాట. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మూతపడిన మిల్లు తెరిపించి, చండ్ర కర్రతో లేతు మీద రెండు బుష్‌లు తీశాను. ఒకటి చెడితే ఇంకొకటి ఉండాలని నా అలవాటు. రంధ్రం షాఫ్టుకు సరిగ్గా, వెంట్రుక కూడా పట్టనట్టు తొలిచాను. మర్నాడు పొద్దున్నే రేవులో రెండు జతల ఎద్దులతో లాంచీని గట్టుకు లాగించి, పాతది కొట్టి తీసి కొత్తది ఎక్కిస్తుంటే ముసలాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“కట్టె నీళ్లు తాగుతాదప్పా. ముందు రెండు దినాలు నానబెట్టు. ఆమీద తొలువు.”

“పదేండ్లు బేరింగులు కూర్చినోణ్ణి నేను,” అన్నాను. మా మిల్లులో బేరింగులు నూనె తాగడమే నేను ఎరుగుదును. షాఫ్టు చేత్తో తిప్పితే వెన్నలా తిరిగింది. ముసలాయనకు చూపించి మరీ తిప్పాను.

లాంచీని నీళ్లలోకి దింపాక ఇంజను మొండికేసింది. అది అందుకునేసరికి మధ్యాహ్నమైంది. అంతసేపూ కింద కట్టె తన పని తాను చేసుకుంటోంది. ముసలాయనా నేనూ ఏటి నడుమకు చేరామో లేదో, కాలిన కట్టె వాసన వచ్చింది. ఇంజను మూలిగి ఆగిపోయింది. బుష్ ఉబ్బి షాఫ్టును పట్టేసింది. లాంచీ అడ్డం తిరిగి ప్రవాహంలో పడి కొట్టుకుపోసాగింది. నాకు ఈత రాదు. అవతలి గట్టున ఎవరెవరో కేకలు వేస్తున్నారు. నేను లాంచీ అంచు పట్టుకుని ఆమెకు చెప్పాల్సిన మాట ఒక్కటీ చెప్పలేదే అని ఏడ్చినంత పని చేశాను. ముసలాయన గెడతో, తెడ్డుతో ఎట్లా తిప్పాడో తిప్పాడు. చాలా దూరం దిగువన, బయల్దేరిన గట్టుకే చేరాం.

ఆయన వక్కాకు ఉమ్మేసి, “ఇప్పుడు తాగింది,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

లాంచీని మళ్లీ ఎద్దులతో రేవుకు లాగించి గట్టెక్కించి, రెండో బుష్‌ను తాడు కట్టి ఏట్లో వేశాను. ఆ రెండు రోజులు నేను పడిన అవస్థ చెప్పలేను. గంటకోసారి తాడు లాగి చూడటం, మళ్లీ వేయడం, గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ నడవడం.

“అన్నం ఉడికిందా అని మూత తీసినట్ల తీస్తాండావు. దాని పాటికి దాన్ని వదలప్పా,” అన్నాడు ముసలాయన.

నానినదాన్ని ఆకురాయితో లోపల చేత్తోనే రాచాను. షాఫ్టు దూరింది. “ఇంకా తీయి,” అన్నాడు. తీశాను. “ఇంకా.” మళ్లీ తీశాను. షాఫ్టు కొంచెం అటూ ఇటూ ఆడేదాకా ఆయన ఒప్పుకోలేదు. చేతులారా ఒక బేరింగును వదులు చేయడం నా జన్మలో అదే మొదటిసారి.

ఈసారి లాంచీ అవతలికి చేరింది. ఆమె రేవులోనే ఉంది.

“మొన్న అడ్డంగా కొట్టుకపోయింది నువ్వేనా?”

“నేనే.”

“ఈత రాదు గదా నీకు!” అంది. కళ్లు ఇంకా కోపంగానే ఉన్నాయి.

“రాదు. ఇంట్లో సప్పుడు లేదు. ఉండలేకపోయినా,” అన్నాను. దారంతా కూర్చుకున్న మాటలు ఇంకా చాలా ఉన్నాయి. ఒక్కటీ రాలేదు.

ఆమె వెనక్కి తిరిగి ఊళ్లోకి వెళ్లిపోయింది. అయిపోయింది, ఇక రాదు అనుకున్నాను. ముసలాయన పోదామా అన్నట్టు చూస్తే తల అడ్డంగా ఊపాను. చాలాసేపటికి ఆమె మళ్లీ కనబడింది. నెత్తిన రాట్నం ఉంది. తోలుముక్కలు పీకేసి ఉన్నాయి.

తిరుగుదారిలో ఏటి నడుమకు వచ్చేసరికి లాంచీ వెనక టకటక మొదలైంది. సన్నగా, ఆగకుండా. నా చెయ్యి దానంతటదే సంచిలోని పానా మీదికి పోయింది. ఆమె రాట్నం ఒళ్లో పెట్టుకుని నా చేతినే చూస్తోంది.

“లాంచీ పోతాంది గదా,” అంది.

పానా వదిలేసి, సంచి మూతి ముడేసి, దాన్ని ఆమె కాళ్ల దగ్గర పెట్టాను.