జడ్జిగారి అమ్మాయి

నాన్న చివరికి దేశపు అత్యున్నత న్యాయస్థానానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. నేను చెప్పేది అంతకు చాలా ముందు, ఆయన హైకోర్టులో కొత్తగా జడ్జి అయినప్పటి సంగతి. ప్రభుత్వ బంగళా ఇంకా రాలేదు. పంజాగుట్ట సందులో మా పాత ఇంట్లోనే ఉండేవాళ్లం. నేను రోజూ అమీర్‌పేట దాకా నడిచి వెళ్లి జావా నేర్చుకునేదాన్ని. క్లాసులో ఎవరైనా అడిగితే, నాన్నది గవర్నమెంటు ఉద్యోగం అనేదాన్ని. అలా చెప్పమన్నది ఆయనే.

ఒక సాయంత్రం క్లాసు అయిపోయి మెట్లు దిగుతుంటే ఒకాయన ఎదురొచ్చాడు. నలభై ఏళ్లుంటాయి.

"జడ్జి సాబ్ బిడ్డవు కదమ్మా?"

మెట్ల నిండా జనం. ఒక్కరూ మా వైపు చూడటం లేదు.

"మీ నాయన దగ్గర రేపు మాది భూమి కేసున్నది. జర చెప్పమ్మా. నువ్వు రోజు గీ దారిలనే పోతవు, నేను చూస్తున్న."

చేతులు జోడించి పక్కకు జరిగాడు. ఆ చివరి మాట బెదిరింపో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నడవకుండా ఆటో ఎక్కాను. సందు మొదట్లోనే దిగి, వెనక ఎవరూ రావడం లేదని చూసుకున్నాకే గేటు తీశాను.

నాన్న అప్పుడే కోర్టు నుంచి వచ్చి కాఫీ తాగుతున్నారు. చెబుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

"అతనన్న మాటలు మళ్లీ చెప్పు. నీకు అనిపించింది వద్దు, అతనన్నదే చెప్పు."

చెప్పాను. అమ్మ గేటు వైపు చూస్తూ, "ఏంటండీ ఇది? బెదిరిస్తున్నాడా, బతిమాలుతున్నాడా?" అంది.

"ఏదైనా ఒకటే. ఆ కేసు ఇక నేను వినకూడదు," అన్నారు నాన్న.

మర్నాడు కోర్టులో ఇరుపక్షాల లాయర్లకూ జరిగింది చెప్పి, కేసును ఇంకో బెంచికి పంపించేశారు. దాంతో నా భయం రెట్టింపయింది. చెప్పింది నేనేనని అతనికి తెలిసిపోయింది కదా! కొన్నాళ్లు మఫ్టీలో ఒక కానిస్టేబుల్ నా వెంట వచ్చాడు. అయినా వెనక చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, ఆగి వెనక్కి తిరిగి చూసేదాన్ని.

కానిస్టేబుల్ రావడం మానేశాక అతను మళ్లీ కనిపించాడు, బల్కంపేట మలుపు దగ్గర. నేను ఆగిపోయాను. కానీ నన్ను చూడగానే అతని మొహం పాలిపోయింది. తల వంచుకుని, గబగబా రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయాడు. నన్ను చూసి భయపడ్డాడు. అది చూశాక నాకు ఇంకా భయమేసింది.

ఆ కేసు ఏమైందని కొన్నేళ్లకు నాన్నను అడిగాను.

"తెలుసుకోలేదమ్మా," అన్నారు.

తర్వాత ఇంకో రాష్ట్రం హైకోర్టు, ఆ తర్వాత ఢిల్లీ. ఆయన పైకి వెళ్లేకొద్దీ గేటు దగ్గర తుపాకులు పెరిగాయి, ఇంటికొచ్చే స్నేహితులు తగ్గారు. ప్రధాన న్యాయమూర్తిగా ప్రమాణం చేసిన రోజు అందరూ వచ్చి అభినందిస్తుంటే, ఆయన పక్కన నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరి చేతుల్లో ఏముందోనని వాటి వంకే చూస్తూ ఉండిపోయాను. కాసేపటికి నాన్న గమనించారు.

"ఇంటికి వెళ్దామా?" అని మెల్లగా అడిగారు.

వెళ్దామన్నాను.