జోగమ్మను తీసుకెళ్తానని వచ్చినాయన

మా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, జూలూరుపాడులో మా ఇంటికి జోగమ్మ వచ్చింది... నా ఈడుదే. అడవి లోపలి కోయగూడెం పిల్ల. బడిలో చేరేలోపు తెలుగు అలవాటవ్వాలని, ఒక టీచరమ్మ అలాంటి పిల్లల్ని మా ఊళ్లో ఇంటికొకరిని ఉంచింది.

జోగమ్మ నీళ్లను వాళ్ల కోయ భాషలో ‘ఏరు’ అనేది. చెంబులో ఏరెక్కడిదని నేను పడీ పడీ నవ్వేదాన్ని...

దించి వెళ్లేటప్పుడు వాళ్లమ్మ మా నాయనమ్మ చెయ్యి పట్టుకుని, వచ్చీరాని తెలుగులో, “నేనే వస్త... నేనే తోల్కపోత” అంది.

ఒక మధ్యాహ్నం మోటార్‌సైకిల్ మీద ఎవరో ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో బిస్కెట్ పుడా. అమ్మానాన్నలు మిరపకల్లంలో ఉన్నారు. నాయనమ్మ అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది.

“జోగమ్మకు కొత్తగూడెంల పరీక్ష ఉందవ్వా. టీచరమ్మ పంపింది. పొద్దుగూకేలోపు దించుత.”

పిల్ల పేరు తెలుసు. గూడెం పేరూ చెప్పాడు. నేనైతే నమ్మేశాను...

“టీచరమ్మ రాలేదేంది?” అంది నాయనమ్మ.

“పానం మంచిగ లేదు.”

“పొద్దుగాల బాయికాడ మంచిగనే ఉండె గదా?”

ఆయన మొహం మారింది. “ఏందవ్వా, నేనేమన్న దొంగనా?”

“నాకేం ఎరుక కొడుకా... రేపు తల్లొచ్చి అడిగితే నేనేం చెప్పాలె? కూసో. టీచరమ్మను పిలిపిస్త.”

జోగమ్మను తన వెనక్కి లాక్కుని, నాయనమ్మ నాకు కళ్లతోనే సైగ చేసింది. కాళ్లు కాలుతున్నా పరిగెత్తాను.

టీచరమ్మకు జ్వరమూ లేదు, ఏమీ లేదు. “నేనెవల్నీ పంపలేదే!” అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా నాతో వచ్చేసింది. అప్పటికే ఆయన వెళ్లిపోయాడు.

పోలీసులకు చెప్పారు. ఎవరో తేలలేదు... పేరు, గూడెం ఆయనకు ఎవరు చెప్పారో కూడా తేలలేదు. ఆ ఎండాకాలమంతా ఊళ్లో ఎవరు పలకరించినా, ఆయనకు చెప్పింది ఈయనేనేమో అనిపించేది. టీచరమ్మ ఆ సాయంత్రమే ప్రతి ఇంటికీ తిరిగి, తనకో, కన్నవాళ్లకో తప్ప పిల్లల్ని ఎవరికీ అప్పగించొద్దని చెప్పింది.

కబురు అందగానే జోగమ్మ వాళ్లమ్మ వచ్చింది. నాయనమ్మ ఏదీ దాచలేదు. “తోల్కపోతవా బిడ్డా?” అని అడిగింది.

ఆవిడ కూతురి తల నిమిరి, మెల్లగా, “నీ కాడనే ఉండనీ” అంది. నాయనమ్మ కళ్లు తుడుచుకుంది.

ఇప్పుడు మేముండే అపార్ట్‌మెంట్‌లో ఎవరింటికి ఎవరొస్తున్నారో ఎవరికీ పట్టదు. నిలబెట్టి నాలుగు మాటలు అడిగితే మనకే కోపం... మీ చిన్నతనంలో మీకోసం అలా అడ్డం నిలబడ్డవాళ్లు ఎవరు? వాళ్ల గురించి ఇక్కడ రాయండి... చదవాలనుంది.